సామాన్ల కాడ మనిషి

మా ఇంట్ల ఎటన్న సరదాకు పోవాలంటె ముందుగాల తయారయ్యేది మనుషులు కాదు, సామాన్లు. చాప, నీళ్ల క్యాను, బిర్యాని డేక్షా, అది చల్లారకుండ చుట్టేటందుకు పాత దుప్పటి, కాయితం ప్లేట్లు, పిల్లలకు మార్చేటందుకు బట్టలు, తువ్వాళ్లు, ఉల్లిగడ్డలు, అవి కోసేటందుకు కత్తి. ఒక పూట కూసొని వచ్చేటందుకు ఇల్లు మొత్తం ఎత్తుకపోతరు మావోళ్లు. అంత సామాను మోసుకపోయినంక నీళ్ల కాడ దాన్ని చూసుకుంట ఎవరో ఒకరు కూసోవాలె. ఆ ఒకరు నేను.

ఆ పనికి నన్ను ఎవరు పెట్టిండ్రంటె చెప్పలేను. కూసొని మాట్లాడుకున్నది లేదు, నన్ను అడిగింది అంతకన్న లేదు. మొట్టమొదటిసారి పోయిననాడు "సామాన్ల కాడ ఎవరుంటరు" అని మా మరదలు అంటె, "అక్క ఉంటది తియ్" అని మా తమ్ముడు అన్నడు. కాళ్లకెల్లి చెప్పులిడిసినంత సులువుగ అన్నడు ఆ మాట. ఇగ అదే ఇంటి ఆచారమయి కూసుంది. క్రిస్మస్‌కు ఇంటి మీద నక్షత్రం కట్టుడు ఎట్లనో, అందరు పడవ ఎక్కేటప్పుడు అక్క గట్టు మీద ఉండుడు అట్లనే.

నా సంగతి జర చెప్పాలె. నేను నర్సమ్మను. పెద్ద దవాఖానాల తెల్లబట్టలేసుకొని తిరిగే నర్సును కాదు, ఊరూరు తిరిగి సూదులేసే నర్సును. నా నౌకరీ మొత్తం చర్ల అవతల అడవి ఊర్లల్లనే గడిచింది. పెండ్లయి ఏడాది తిరగకముందే మా ఆయన జ్వరమొచ్చి పోయిండు. పిల్లలు లేరు. అమ్మనాయిన పోయినంక నాకు మిగిలింది ఖమ్మంల తమ్ముడొక్కడే. వాడు ప్రైవేటు బడిల సైన్సు సారు. సెలవు దొరికితె బస్సెక్కి వాళ్లింటికి వచ్చేదాన్ని. ఆదివారం పొద్దున అందరం చర్చికి పోయి వచ్చి, మధ్యాహ్నం తిన్నంక పిల్లలు "అత్తొచ్చింది, పార్కుకు పోదాం" అని లొల్లి పెట్టేటోళ్లు. నేనొస్తేనే పార్కు. నా మీద ఎంత ప్రేమనో అని మురిసిపోయేదాన్ని. నేను రాకుంటె సామాన్ల కాడ మనిషి లేదనేది నా బుర్రకు ఎక్కనే లేదు.

మా ఊరి చెరువు కట్టను పార్కు చేసినప్పటికెల్లి ఆదివారం సాయంత్రం ఖమ్మం సగం ఆడనే ఉంటది. కాయితప్పూల చెట్లు, సిమెంటు బెంచీలు, మక్కజొన్న కంకులు కాల్చేటోళ్లు, ప్రతి చెట్టు కింద సెల్ఫీ దిగేటోళ్లు. నీళ్లల్ల బాతు మూతి పెట్టిన తొక్కుడు పడవలు, అవిగాక పెద్ద మోటరు పడవ ఒకటి. నారింజ రంగు జాకెట్లేసుకొని తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు మోటరు పడవ ఎక్కేటోళ్లు. నేను బెంచీ మీద. నాకు ఒక దిక్కు డేక్షా, ఒక దిక్కు బుట్టలు, కాళ్ల కాడ అందరి చెప్పులు, ఒళ్లె మరదలి హ్యాండుబ్యాగు. పక్క బెంచీ మీద కూసున్న ఒక పెద్దామె నన్ను కిందికి మీదికి చూసి "ఎవరింట్ల పని చేస్తవమ్మా" అని అడిగింది ఒకసారి. నాకసలే ముక్కు మీద ఉంటది కోపం. "గవర్నమెంటు ఇంట్ల" అని చెప్పిన.

పడవ చెరువు నడుమకు పోయినంక నేను లేచి నిలబడి చెయ్యి ఊపేదాన్ని. వాళ్లు ఊపకపోయేటోళ్లు. చిన్నగ నారింజ రంగు చుక్కలు కనబడేటివి, వాటిల ఏది ఎవరో నాకు తెలిసేది, మా మేనకోడలు పిల్ల జడ గూడ గుర్తుపట్టేదాన్ని. ఒక్క చెయ్యి గూడ లేవకపోయేది. ఒకనాడు ఇంటికి పోతుంటె అడిగిన, నేనంత ఊపితె ఒక్కళ్లన్న ఊపరేంది అని. తమ్ముడు నవ్విండు. "ఆడికెల్లి ఏం కనబడదక్కా. ఎండ నీళ్ల మీద పడి కండ్లల్ల కొడుతది. గట్టంత తెల్లగ మెరుస్తది, మనిషి ఎవరో చెట్టు ఏదో తెల్వదు" అన్నడు. సైన్సు సారు చెప్తుండు, నిజమే కావచ్చనుకున్న. అయినా ఊపుడు మానలే. కనబడకున్నా నా తమ్ముడే గద, నా పిల్లలే గద.

చెరువు పాతబడ్డంక కిన్నెరసానికి పోయినం. ఎంత మంచిగుంటది ఆ జాగా. చుట్టు గుట్టలు, గుట్టల మీద అడవి, నడుమ నీళ్లు. జింకలను చూసి వచ్చి, టేకు చెట్ల కింద తిని, పడవల కాడికి పోయినం. ఆడ నేను నోరు తెరిచి అడిగిన. "ఈసారి నేను గూడ ఎక్కుత" అని. అందరు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నరు, చంటి పిల్ల చందమామను అడిగినట్టు. తమ్ముడు "ఈడ కోతులు మస్తున్నయక్కా, సామాన్లు ఉండనియ్యవు" అన్నడు. మరదలు నా భుజం మీద చెయ్యేసి నవ్వుకుంట అన్నది, "నీకేం కొత్త వదినె. నువ్వు రోజు పడవల్లనే తిరుగుతవు గద. మాకంటె ఎప్పుడో ఒకసారి."

ఆ మాట అబద్ధమా అంటె కాదు. పడవల్ల తిరిగిన మాట నిజమే.

నా పడవలెట్లుండేటివో చెప్త. వానకాలం వస్తె చర్ల అవతల వాగులన్ని ఒకటైతయి. రోడ్డు ఏదో వాగు ఏదో తెల్వదు. సూదుల రోజు మాత్రం ఆగదు, ఆగితె పైనోళ్లు ఊకోరు. పెద్ద మాను తొలిచి చేసిన దోనె ఉండేది వాగు కాడ, దాంట్ల ఒక కోయ పెద్దాయన నన్ను దాటించేటోడు. దోనె అంటె కూసుంటె నడుం దాకా చెక్క, కదిలితె పక్కకు వాలుతది. టీకాల డబ్బా ఒళ్లె పెట్టుకొని రెండు చేతుల పట్టుకునేదాన్ని. దాంట్ల మంచుముక్కలు, మంచుల చిన్నపిల్లల సూది మందు. నేను పడ్డా ఫరవాలేదు, డబ్బా పడొద్దు. అది తడిసినా కరిగినా ఆ ఊరి పిల్లలకు ఆ నెల సూదులు లేవు. వాగు మధ్యల ఎర్ర నీళ్లు సుడి తిరుగుతుంటె అందరు దేవుణ్ని చూస్తరు, నేను డబ్బా మూత చూసేదాన్ని. ఇన్నేండ్ల నౌకరీల నీళ్లు ఏ రంగుల ఉంటయో అడిగితె చెప్పలేను గని, ఆ డబ్బా మూత మీద గీతలు ఇప్పటికీ కండ్ల ముందర ఉన్నయి.

ఇగ నాకు కావాల్సిందేంది. నేను విమానం అడగలే, బంగారం అడగలే. ఒక్కసారి, ఒళ్లె ఏం లేకుండ, చేతులు ఖాళీగ పెట్టుకొని పడవల కూసోవాలె. ఎవరి పిల్లల సూదులు, ఎవరి బిర్యాని నా బాధ్యత కాకుండ, ఊకెనే నీళ్లను చూడాలె. చెయ్యి కిందికి పెట్టి నీళ్లు తాకాలె. ఇది నాకు కోరిక లెక్క ఎప్పుడు పుట్టిందో తెల్వదు. కిన్నెరసాని కాడ వద్దన్ననాడే పుట్టిందేమో. వద్దన్నదాని మీదికే గద మనసు పోయేది.

నేను రిటైరయిన. దవాఖానల శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చిండ్రు. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నీ కోసం పర్ణశాల ప్రోగ్రామ్ పెట్టిన. గోదారి మీద పడవల తిప్పుత నిన్ను" అన్నడు. ఫోన్ల వాని గొంతు వింటె నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి, చెప్పుకోవాలంటె సిగ్గు. ఎంత కోపముంటె ఏంది, తమ్ముడు తమ్ముడే అనుకున్న. మేము చర్చికి పోయేటోళ్లమే గని ఈ దిక్కు పుట్టినోళ్లకు పర్ణశాల కొత్తా. మా నాయిన బైబిలు సంచి చంకల పెట్టుకొనే మాకు సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే రాళ్లు చూపించిండు. గోదారికి ఎవరైనా ఒకటే.

చలికాలం. కిరాయి బండి మాట్లాడిండ్రు. కొత్త చీర కట్టుకున్న, లేత నీలంది, నేనే కొనుక్కున్న. బండెక్కినంక చూస్తె మా నలుగురైదుగురే కాదు, మరదలి తరఫు చుట్టాలు గూడ వచ్చిండ్రు. రానియ్, మంది ఉంటేనే సంబురం. సామాన్లు మాత్రం ఎప్పటికన్న రెండింతలు. వాటి మీద ఒక అట్టడబ్బ, దాంట్ల కేకు. కేకు మీద నా రిటైర్మెంటు అని రాయించిండ్రట. పిల్లలు చెవుల చెప్పిండ్రు, మొహం మీద ఏం తెల్వనట్టు ఉండాలెనట నేను.

గోదారి కాడికి పోయినం. వానలు పోయి నీళ్లు తేటపడ్డయి. ఆవలి ఒడ్డు దిక్కు ఇసుక తిన్నెలు, కొంగలు. మెట్లు దిగి నేనే ముందుగాల పోయిన, నా కాళ్లకు నాకే తెల్వని తొందర. పడవాయన నారింజ జాకెట్ ఇచ్చిండు. ఇన్నేండ్లు దూరం నుంచి చూసిన జాకెట్. వేసుకొని, ముందరి తాడు గట్టిగ ముడేసుకున్న. పడవల చివరి పలక మీద, నీళ్లకు దగ్గర కూసున్న. ఒళ్లె ఏం లేదు. హ్యాండుబ్యాగు గూడ సామాన్ల కాడ పెట్టిన. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని చూసుకున్న. ఎంత ఖాళీగున్నయి నా చేతులు.

అందరు ఎక్కిండ్రు. అప్పుడు మరదలి తమ్ముడు మెట్ల మీదికెల్లి ఉరికొచ్చిండు. గుడి దిక్కు ఫోటోలు దిగుతుండెనట. మనిషి ఎడ్లబండంత ఉంటడు. పడవాయన తలలు చూసుకొని, "ఒకళ్లు ఎక్కువైతున్నరు. ఎవరన్న దిగాలె, తర్వాతి ట్రిప్పుకు రావచ్చు" అన్నడు. ఆయన తప్పేం లేదు, పడవ ఎంత మోస్తదో అంతే ఎక్కించుకుంటడు.

ఎవరు కదలలే. నేను గూడ కదలలే. మీకు చెప్తున్న గద, నేను గూడ కదలలే, నీళ్ల దిక్కే చూస్తున్న. నా కోసమే వచ్చినం గద అందరం. ఇంత మందిల ఎవరో ఒకరు లేస్తరు గద. పడవకు నీళ్లు తగిలే సప్పుడు వినబడుతుంది. తల తిప్పి చూసిన. అందరు నన్నే చూస్తున్నరు.

"వదినెకు పడవలేం కొత్తనా" అన్నది మరదలు. తమ్ముడు నా దిక్కు వంగి మెల్లగ, "అక్కా, తర్వాతి ట్రిప్పుకు మనిద్దరం పోదాం. ఎట్లైనా సామాన్ల కాడ గూడ ఎవరు లేరు" అన్నడు.

జాకెట్ విప్పబోతె ముడి ఊడలే. నేనే గద గట్టిగ ఏసింది. అందరి ముంగట, గోళ్లతోని ఆ తాడు పీక్కుంట నిలబడ్డ. మరదలి తమ్ముడు చెయ్యి చాపుకొని జాకెట్ కోసం చూస్తుండు, జల్దీ ఇయ్యి అన్నట్టు. ఊడింది, ఇచ్చిన. మెట్లెక్కి వచ్చిన. ఇంజను చాలు అయింది, పడవ పోయింది. ఈసారి నేను చెయ్యి ఊపలే.

సామాన్ల కాడ కూసున్న. నా ముందర డేక్షా, చాపలు, చెప్పుల గుంపు, వాటి మీద నా కేకు డబ్బ. నా కేకుకు నేనే కావలి. చెట్టు మీద కోతులు రెండు నన్ను చూసి, కేకును చూసి, మళ్ల నన్ను చూస్తున్నయి. ఎంతసేపు కూసున్ననో తెల్వదు. ఏరు దాటినంక తెప్ప తగలేసినట్టు అంటరు గద. నా సంగతి అంతకన్న అధ్వాన్నం. నన్ను తగలెయ్యలే, గట్టు మీద దాచిపెట్టుకుంటున్నరు, మళ్ల దాటేటప్పుడు పనికొస్తనని.

లేచిన. నా హ్యాండుబ్యాగు నేను తీసుకున్న. చీర కుచ్చిళ్లు దులుపుకున్న. బజారుకు నడిచి, భద్రాచలం పోయే ఆటో ఎక్కిన. అక్కడికెల్లి ఖమ్మం బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. వంతెన మీద బస్సు గోదారి దాటుతుంటె జనం చిల్లర నీళ్లల్ల వేసి దండం పెట్టుకుంటున్నరు. నేను అటు దిక్కు చూడలే.

బస్సు చానా దూరం పోయినంక తమ్ముని ఫోన్ వచ్చింది. ఎత్తలే. మళ్ల వచ్చింది. మళ్ల వచ్చింది. భయపడ్డడేమో, అక్క నీళ్లల్ల పడ్డదో ఏందో అని గుండె కొట్టుకుంటుందేమో అని మెత్తబడి ఎత్తిన. వాడు హలో గూడ అనలే.

"సామాన్లు ఎవరి మీద పెట్టి పోయినవక్కా?"

నువ్వేడున్నవని కాదు. బాగున్నవా అని కాదు. సామాన్లు. డేక్షా మూత లాగి కోతులు అన్నం అంత చల్లినయట, కేకు ఎత్తుకపోయి చెట్టు మీద కూసొని తిన్నయట, మరదలి తమ్ముని కొత్త చెప్పు ఒకటి గోదారి పాలైందట. మందిల ఇజ్జత్ పోయిందట. అంత చెప్పిండు, నేను అంత విన్న.

"సామాన్లకు కాళ్లు లేవు తమ్మీ, నాకున్నయి" అని ఫోన్ పెట్టేసిన.

దానికి వాళ్లు కట్టిన కత వేరే ఉంది. చర్చిల అందరికి చెప్పిండ్రు, రిటైరయినంక అక్కకు మనసు మనసుల లేదు, చెప్పకుండ ఎటంటె అటు పోతుంది, జర ప్రార్థన చెయ్యున్రి అని. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకొని "అంత ఒంటరితనం అనిపిస్తుందా సిస్టర్" అని అడిగింది. నేనేం చెప్పాలె ఆమెకు. పడవల కెల్లి దింపిండ్రని చెప్తె, పెద్దమనిషివి పడవ కోసం అలిగినవా అని నవ్వరా. నవ్వుతరు. నేనైనా నవ్వేదాన్నేమో ఇంకొకళ్ల సంగతైతె. అందుకే ఎవరికీ చెప్పలే.

తర్వాత నన్ను ఎటూ పిలవలే. నేను ఖమ్మంలనే వేరే గల్లీల కిరాయికి ఉంటున్న, రెండు రూములు, నా పించను నాకు చాలు. పండుగకు పిల్లలు వచ్చి పోతరు. కోడలు పిల్లను ఒకనాడు ఊకెనే అడిగిన, ఆదివారాలు పార్కుకు పోతలేరా ఇప్పుడు అని. "అవ్ అత్తా, పోతున్నం గద. అమ్మమ్మ వచ్చింది కల్లూరు కెల్లి, ఇప్పుడు మాతోనే ఉంటది" అన్నది. సామాన్ల కాడ ఎవరుంటున్నరని నేను అడగలే.

మనసు ఊకోలే. ఒక మంగళవారం నేనొక్కదాన్నే చెరువు కాడికి పోయిన. చేతుల సంచి గూడ పట్టుకోలే, రుమాలు నడుంల దోపుకొని పోయిన. తొక్కుడు పడవ టికెటు అడిగితె "ఒక్కళ్లకు ఇయ్యమమ్మా, ఒకపక్కకు వాలుతది, జోడీ ఉండాలె" అన్నడు కిటికీల కూసున్నాయన. మోటరు పడవ అయితె జనం కూడాలెనట. మంగళవారం ఎవరొస్తరు, ఆదివారం రాండ్రి అన్నడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టుంది నా బతుకు. పోయి బెంచీ మీద కూసున్న. కూసున్నంక చూసుకుంటె, బెంచీ ఒక అంచుకు ఒదిగి కూసున్న. మిగిలిన జాగా అంత ఖాళీ ఇడిసిపెట్టిన, డేక్షాకు, బుట్టలకు. నా మీద నాకే అసహ్యమేసి నడుమకు జరిగి కూసున్న.

ఆదివారం వచ్చింది. సాయంత్రం చర్చిల స్త్రీల కూడిక ఉండె, అది అయినంక అటే చెరువు కాడికి పోయిన. చేతుల బైబిలు సంచి ఉంది, ఇంటికి పోయి పెట్టొస్తె పొద్దుగూకుతదని అట్లనే పోయిన. కట్ట ఎక్కంగనే కనబడ్డది. అదే బెంచీ. అదే డేక్షా, అదే పాత దుప్పటి. కాళ్ల కాడ చెప్పుల గుంపు. నడుమ ఆకుపచ్చ చీర కట్టుకొని, కొంగు నెత్తి మీదికి లాక్కొని మా మరదలి తల్లి.

వరుసకు అత్త కావాలె గని నేను పెద్దమ్మా అనే పిలుస్త ఆమెను. నాట్లేసి, మిరపకాయలు ఏరి పిల్లలను సాకిన మనిషి. మొగడు పోయినంక ఊర్ల ఇల్లు కూలిపోతె బిడ్డ కాడికి వచ్చింది. నన్ను చూసి నిండుగ నవ్వింది. "రా బిడ్డా, కూసో" అని డేక్షా తన దిక్కు జరుపుకొని జాగా ఇచ్చింది.

"నువ్వెక్కవా పెద్దమ్మా పడవ?"

"నాకెందుకు బిడ్డా పడవలు."

"అడిగిండ్రా నిన్ను?"

ఆమె నా దిక్కు చూడలే. చెప్పులు జతలు జతలు సర్దుకుంట, "సామాన్ల కాడ ఎవరన్న ఉండాలె గద" అన్నది.

మోటరు పడవ కాడ జనం కూడుతున్నరు. వాళ్లల్ల తమ్ముడు, మరదలు, పిల్లలు జాకెట్లేసుకొని ముందే ఎక్కి కూసున్నరు. నేను పెద్దమ్మ మోచెయ్యి పట్టుకున్న. "లే పెద్దమ్మా, నాతోని రా. ఈడ కోతులు లేవు, దొంగలు లేరు, ఈ చల్లారిన బిర్యాని ఎవరెత్తుకపోతరు. నేను దగ్గరుండి ఎక్కిస్త" అని చెప్పిన. ఆమె బెంచీ మీద చెయ్యి ఆనించి సగం లేచింది. నిజంగ లేచింది, నేను చూసిన. పడవ దిక్కు చూసింది. చిన్నపిల్ల మొహమయింది ఆ ఒక్క క్షణం. అటెనక డేక్షా దిక్కు చూసి మళ్ల కూసుంది.

"వద్దు బిడ్డా. నా బిడ్డ కోపమైతది. వాళ్లింట్ల ఉంటున్న గద నేను."

నాకున్న కాళ్లు ఆమెకు లేవు. నాకు పించనుంది, కిరాయి ఇల్లుంది, నేను ఆటో ఎక్కి పోయిన. ఆమె ఏ ఆటో ఎక్కి ఏడికి పోవాలె. లేచి పోబోతుంటె ఆమె నా సంచి పట్టుకొని లాగింది. "ఇది గూడ ఈడ పెట్టు బిడ్డా, నేను చూసుకుంట. ఖాళీ చేతులతోని పో, మంచిగుంటది. ఆడికెల్లి నాకు చెయ్యి ఊపు. నేను వచ్చినప్పుడల్ల ఊపుత గని, వాళ్లకు కనబడదట. ఎండ కండ్లల్ల కొడుతదట గద ఆడ."

నేను సంచి ఇయ్యలే. ఆమె చేతులకెల్లి మెల్లగ తీసుకున్న.

టికెటు తీసుకొని పడవ ఎక్కిన. జాకెట్ వేసుకున్న. ఖాళీగున్నది తమ్ముని ఎదురుంగ ఉన్న పలకనే, పోయి ఆడనే కూసున్న. వాడు "అక్కా, నువ్వా" అన్నడు. మరదలు అవతలి దిక్కు తిరిగింది. పిల్లలు నవ్విండ్రు, తర్వాత వాళ్లమ్మను చూసి నవ్వు ఆపిండ్రు. బైబిలు సంచి ఒళ్లె పెట్టుకొని రెండు చేతుల పట్టుకున్న, టీకాల డబ్బా పట్టుకున్నట్టే. ఇంజను చాలు అయింది.

ఎన్నేండ్లు కావాలెననుకున్ననో, ఆ నీళ్లు నా చుట్టు ఉన్నయి. చెయ్యి కిందికి పెడితె అందుతయి. పెట్టలే. నేను గట్టు దిక్కు చూస్తున్న. పడవ చెరువు నడుమకు పోయింది, మళ్లింది. ఎండ నీళ్ల మీద పడ్డది, మెరిసింది, అవ్, అది నిజమే. అయినా గట్టు గట్టు లెక్కనే ఉంది. బెంచీ కనబడ్డది. డేక్షా మీది దుప్పటి గళ్లు కనబడ్డయి. చెప్పులు ఎండల లేకుండ బెంచీ కిందికి జరిపి పెట్టింది పెద్దమ్మ, అది గూడ కనబడ్డది. ఆమె లేచి నిలబడ్డది. ఆకుపచ్చ కొంగు భుజం మీదికి జారింది. చెయ్యెత్తి ఊపుతుంది.

"తమ్మీ" అని పిలిచిన.

"ఏందక్కా?"

"గట్టు మంచిగనే కనబడుతుంది గదరా."

వాడు ఒక్కసారి గట్టు దిక్కు చూసిండు. ఇగ తల వంచుకొని జాకెట్ తాడు సర్దుకున్నడు. అంత చదువుకున్న సైన్సు సారు.

పెద్దమ్మ ఊపుతనే ఉంది. అంత పెద్ద పడవల నేనొక్కదాన్నే చెయ్యెత్తి ఊపిన. ఇన్నేండ్లు ఆ గట్టు మీద నేను లేచి నిలబడి ఊపుతుంటె వీళ్లందరికి నేను కనబడ్డ. చూసుకుంటనే కూసున్నరు.